క్రేను డ్రైవరు కడుపు

ఇరవై రెండేళ్ళు నేను ఎక్కి దిగిన క్రేను నిచ్చెన మీద ఒట్టు. దాని మెట్టు మెట్టుకీ ఒక ఒట్టు. అది చాలదంటే కొండ మీది అప్పన్న మీద ఒట్టు. ఇందులో నేను రాసిన ప్రతి మాటా నిజం. నన్నెరిగినవాళ్ళు ఈ వాక్యం దగ్గరే నవ్వి కాగితం పక్కన పడేస్తారని తెలుసు. ఒక సొరచేప క్రేను కొక్కేన్ని మింగేస్తే దాన్ని అలాగే పైకి లేపి లారీలో వేశానని వన్ టౌన్‌లో సగం టీకొట్లలో చెప్పింది నేనే. కాదనను. కానీ అది కాలక్షేపం, ఇది ఉద్యోగం. రెండూ వేరు.

ఇప్పుడు క్రేను ఎక్కబోయే కుర్రాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. లివర్లు ఎలా పట్టుకోవాలో మీకు ట్రైనింగులో చెబుతారు. ఒంట్లో ఏదో తెలియని అలజడి పుడితే దాన్ని ఎలా పట్టుకోవాలో మాత్రం చెప్పరు. నాకు చెప్పిన మనిషికి కుడిచేతి బొటనవేలు లేదు. ఆయన సంగతి ముందుగా చెప్పాలి.

నేను పనిచేసింది ఓడల్లోంచి సరుకు దించే ఒక కంపెనీలో. పేరు అడక్కండి. ఇప్పుడది లేదు, ఉన్నా చెప్పను. మా ఊరు తగరపువలస అవతల. ఊడ్పులు తప్పించుకోడానికి పట్నం వచ్చి, నేలకి అంత దూరంగా ఉండే ఉద్యోగం ఇంకోటి కనబడక క్రేను ఎక్కాను. క్రేను డ్రైవరు అంత ఎత్తున కూర్చున్నా ఓడ అడుగున ఉన్న మనుషులు అతనికి కనబడరు. అక్కడ ఎనమండుగురు సరుకుకి సిలింగు కట్టి, అంటే ఇనపతాడు చుట్టి, కొక్కేనికి తగిలిస్తారు. ఓడ అంచున నిలబడ్డ సిగ్నల్‌మన్ చేయి ఎలా తిరిగితే డ్రైవరు అలా నడపాలి. మా రేవులో లేపమంటే హాపీజ్, దించమంటే ఆరియా. ఏ దేశం ఓడవాళ్ళు ఎప్పుడు వదిలేసి పోయిన మాటలో ఎవరికీ తెలియదు. పెళ్ళాం మీద కోపం వచ్చినా మావాళ్ళు ఇంట్లో "కొంచెం ఆరియా, ఆరియా" అనే అనేవాళ్ళు.

మా సిగ్నల్‌మన్‌ని అందరం మావా అనేవాళ్ళం. యాభై దాటిన మనిషి, బక్కపలచన, మాట తక్కువ. పెద్ద సరుకు లేపేటప్పుడు మావ ఒక పని చేయించేవాడు. జానెడు ఎత్తు లేపి ఆపమనేవాడు. పెట్టె ఏ పక్కకి వాలుతోందో చూసేవాడు. వాలితే ఆరియా. సిలింగు మూరెడు జరిపి మళ్ళీ హాపీజ్, మళ్ళీ జానెడు. పైన సరుకు పేరు, బరువు రాసిన పెట్టెల్ని కూడా నమ్మేవాడు కాదు. లోపల బరువు ఏ పక్క ఉందో పెట్టెకే తెలుసు అనేవాడు. అది తిన్నగా వేలాడితే తప్ప బొటనవేలు లేని ఆ చేయి పూర్తిగా పైకి లేచేది కాదు. దీన్ని తూకం చూడ్డం అనేవాళ్ళం. దీనివల్ల ఆలస్యమవుతుందని పైవాళ్ళు విసుక్కునేవారు. మావ చెవిన పెట్టేవాడు కాదు.

నా కథ డెబ్బైల చివర ఒక ఎండాకాలంలో మొదలైంది. ఎరువుల బస్తాల ఓడ వచ్చింది. వలలో బస్తాలు నింపి కొక్కేనికి తగిలించారు. మావ చేయి తిప్పాడు, హాపీజ్. సరిగ్గా అప్పుడే పొద్దున తిన్న రొయ్యల ఇగురు నా కడుపులో ఆరియా అంది.

బ్రేకు వేసి నిచ్చెన దిగడం మొదలుపెట్టాను. కిందనుంచి అందరూ అరుస్తున్నారు.

"ఏటైనాది బావా? ఎందుకు దిగిపోతన్నావు?"

"నాను లేపను. కడుపులో ఏటో సేత్తంది," అన్నాను. అంతకంటే వివరంగా చెప్పే వ్యవధి లేదు. పరిగెత్తాను.

మా ఫోర్‌మన్ గోదావరి మనిషి. కోపం వచ్చినా అండీ అనే తిట్టేవాడు. "ఏవండీ డ్రైవరుగారూ, ఓడేవన్నా మీ అత్తారిల్లనుకున్నారా, ఎప్పుడు పడితే అప్పుడు లేచెళ్ళిపోడానికి?" అని నా వెనకనుంచి కేక వేయడం వినబడింది. నేను లేని ఆ పావుగంటలో ఓడ అడుగునున్నవాళ్ళు టీ తాగడానికి పైకి వచ్చారు. నన్ను తిట్టడానికి ఇంకేమైనా దొరుకుతుందేమోనని ఫోర్‌మన్ మెడ ఎత్తి క్రేనుని పైనుంచి కింద దాకా చూశాడట. చిటారున చక్రం దగ్గర ఇనపతాడు తీగలు తెగి, బూట్ల బ్రష్షులా లేచి ఉన్నాయి. నేను బెల్టు బిగించుకుంటూ తిరిగి వచ్చేసరికి ఎనమండుగురూ నన్నే చూస్తున్నారు, ఉత్సవ విగ్రహాన్ని చూసినట్టు.

"ఓలమ్మా! ఈడి కడుపుకి కళ్ళున్నాయిరా!"

"కాదురా, నాను ఎల్లింది..."

"నువ్వూరుకో బావా! అది గాని లేపీసుంటే మా ఎనమండుగురికీ ఒకే పందిట్లో దినం ఎట్టీసుందురు!"

ఫోర్‌మన్ వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. ఆ చేతులు నేను ఇంకా సరిగ్గా కడుక్కోలేదని ఆ సమయంలో ఎలా చెప్పను? గమనించండి, నేను అబద్ధం చెప్పలేదు. నిజం చెప్పడానికి సందు దొరకలేదు, అంతే. ఆ సందు ఆరేళ్ళు దొరకలేదు.

అప్పటి ఫిట్టరు ఉద్యోగం పోయింది. అతను నిజంగానే తాడు చూడకుండా సంతకం పెట్టేవాడు కాబట్టి అందుకు నేను బాధపడలేదు. నా కడుపు పేరు మాత్రం రేవంతా పాకింది. పక్క క్రేనులవాళ్ళు వచ్చి చూసి వెళ్ళేవారు. ఒకాయన కూతురి సంబంధం గురించి అడిగాడు. నేను కడుపు మీద చేయి వేసుకుని, కళ్ళు మూసుకుని, "పెళ్ళికొడుకు మంచోడే గాని ఆడి తమ్ముడు మందు కొడతాడు" అన్నాను. తమ్ముడు మందు కొట్టని ఇల్లు మా రేవులో ఎక్కడుంది? అదీ నిజమైంది. మర్నాడు నాకు లడ్డూలు వచ్చాయి. సినిమాకి వెళ్ళాలనిపించిన రోజు, "ఈయేల కడుపు బాగోలేదు" అంటే చాలు, క్రేను ఆపేసి తాడంతా చూసేవారు, నేను మ్యాట్నీకి పోయేవాణ్ణి. మీరు నవ్వుకోండి. నేనూ నవ్వుకున్నాను.

దానితోపాటు ఒక అలవాటు వచ్చింది. పొద్దున్నే నేను పైన సీట్లో కూర్చోగానే, గ్యాంగువాళ్ళు ఓడలోకి దిగుతూ కిందనుంచి అరిచేవారు.

"బావా, కడుపేటంతంది?"

"బాగుందంతంది!"

అంతే, అందరూ దిగిపోయేవారు. మా రోజు అలా మొదలయ్యేది.

పాత ఫిట్టరు స్థానంలో కంచరపాలెం నుంచి ఒకతను వచ్చాడు. నాకన్నా నాలుగైదేళ్ళు చిన్న. తెల్లవారగానే క్రేను ఎక్కి, తాడుని మూరమూరకీ గోనెగుడ్డతో తుడిచి, తర్వాత ఉత్త అరచేత్తో నిమిరి చూసేవాడు. తెగిన తీగ కంటికి దొరక్కపోయినా చేతికి గుచ్చుకుంటుందనేవాడు. అందుకే అతని అరచేతుల నిండా గీతలు. వచ్చిన కొత్తలో నన్ను "ఏం బావా, ఎలగున్నావు" అనేవాడు. కడుపు సంగతి విన్నాక "మీరు" అనడం మొదలుపెట్టాడు. నాకు బాగానే ఉండేది.

ఇదంతా ఎనభైల్లోకి వచ్చింది. ఉక్కు కర్మాగారం కడుతున్న రోజులు. గదులంత పెట్టెల్లో యంత్రాలు దిగుతుండేవి. ఆ రోజుల్లోనే నా ఒంట్లో నిజంగా ఏదో మొదలైంది.

అది నొప్పి కాదు. ఆకలీ కాదు. ఛాతీకి కింద, కడుపుకి పైన, పిడికిలి పట్టేంత చోట ఏదో ఉండేది. ఎలా ఉందంటే చెప్పలేను. తడి గోనెసంచి మడతపెట్టి లోపల పెట్టినట్టు. డాక్టరు గ్యాస్ అన్నాడు. మా ఆవిడ వాము నీళ్ళు పట్టింది, పోలేదు. "ఊరందరికీ జోస్యం సెప్పినావు కదా, దిష్టి కొట్టింది" అని ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఇల్లంతా దగ్గాం. గోనె అక్కడే ఉంది. ఆదివారాలు ఉండేది కాదు. సోమవారం పొద్దున్న ఉండేది. ఏడాదిపాటు ఇది ఎవరికీ చెప్పలేదు. ఎలా చెబుతాను? ప్రపంచం మొత్తంలో కడుపులో ఏదో ఉందని చెప్పకూడని మనిషిని నేనొక్కణ్ణే.

అసలు రోజు ఒక వర్షాకాలం ఉదయం. ఒక పెద్ద పెట్టె. మావ తూకం చూశాడు, మూడుసార్లు సిలింగు జరిపించాడు. పెట్టె తిన్నగా వేలాడింది. బొటనవేలు లేని చేయి పైకి లేచింది. నా చేయి లివరు మీద ఉంది. కదల్లేదు. గోనె గొంతుదాకా ఉబికింది. కిందనుంచి ఎనమండుగురూ నమ్మకంగా ఎదురుచూస్తున్నారు. నాకు తెలిసిన వివరణ ఒకటే ఉంది. ఆరేళ్ళుగా నేనే అందరికీ అమ్మిన వివరణ.

పెట్టెని కిందికి దించేసి, తల బయటపెట్టి, "క్రేను బాగోలేదు!" అని అరిచాను.

ఈసారి నేను నాటకం ఆడలేదు. నిజంగానే నమ్మాను. నా అబద్ధాన్ని నేనే నమ్మిన మొదటి రోజు అది.

పని ఆగింది. ఓడ ఆగింది. ఇంజనీర్లు వచ్చి తాడు చూశారు, బ్రేకు చూశారు, గేర్లు చూశారు. సాయంత్రానికి తేలింది ఏమిటంటే, క్రేను కొత్త పెళ్ళికూతురిలా నిక్షేపంగా ఉంది. నన్ను తిడతారనుకున్నాను. తిట్టలేదు. మా మేనేజరు ఆలోచన వేరేగా నడిచింది. డ్రైవరు కడుపు తప్పు చెప్పదు. కాబట్టి క్రేనులో తప్పు ఉండే ఉంటుంది. ఇప్పుడు కనబడటం లేదంటే, పని ఆగిన గొడవలో ఎవరో గుట్టుగా సరిచేసేసి ఉండాలి. పొద్దున క్రేను బాగుందని సంతకం పెట్టిందెవరు? ఫిట్టరు. గొడవ జరుగుతుండగా పైకెక్కిందెవరు? ఫిట్టరే. అతన్ని విచారణ దాకా సస్పెండ్ చేశారు. తప్పు రుజువైతే ఉద్యోగం పోతుంది. నన్ను మాత్రం భుజం తట్టి ఇంటికి పంపారు.

ఆ సాయంత్రమే ఫిట్టరు వన్ టౌన్‌లో మా ఇంటికి వచ్చాడు. గొడవ పడతాడనుకుని లేచి నిలబడ్డాను. అతను గుమ్మం బయటే ఆగి చెప్పులు విడిచాడు.

"డ్రైవరు బావా, మిమ్మల్ని ఏటీ అనడానికి రానేదు. మీ కడుపుకి ఏటి తెలిసిందో అది సెప్పండి సాలు."

"ఏటి సెప్పమంతావు?"

"నాను తాడంతా సేత్తో సూసినాను. బ్రేకు సూసినాను. పొద్దుట్నుంచి అదే తలుసుకుంతన్నాను, ఎక్కడ ఒదిలీసినానో అని. నాకు తెల్దు. మీకు తెలుసు కదా. తప్పు ఎక్కడుందో తెలిత్తే, పోనీ, ఉద్యోగం పోయినా మనసు నిమ్మళంగా ఉంతాది."

అతను నన్ను అనుమానించడం లేదు. తన అరచేతుల్ని అనుమానిస్తున్నాడు. నేను "రేపు సెప్తాను" అన్నాను. వెళ్ళిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ మావని వెతికాను. కలప దుంగల నీడలో కూర్చుని చద్దన్నం తింటున్నాడు. పక్కన కూర్చున్నాను.

"ఏటంతంది కడుపు?" అన్నాడు, నా వైపు చూడకుండా.

"తెల్దు మావా."

"తెల్దా? ఆరేళ్ళు ఊరందరికీ సెప్పినావు కదా."

అప్పుడు రొయ్యల సంగతి చెప్పాను. మొత్తం. మావ ఉల్లిపాయ కొరికి నమిలి మింగాడు.

"తెలుసు."

"తెలుసా!"

"ఆ దినం నువ్వు పరిగెత్తిన దారి నాను సూసినాను. క్రేనుకి బయపడినోడు క్రేనుకి దూరంగా పరిగెడతాడు. నువ్వు నీళ్ళ పంపు కాడికి పరిగెత్తినావు."

"మరి ఎవులికీ సెప్పనేదేటి?"

"నువ్వే సెప్తావని సూసినాను. తాడు ఎలాగా తెగే ఉంది, మనుషులు ఎలాగా బతికినారు. తరవాత సెప్పడానికి నాకు ఏళ కుదరనేదు."

"మావా, ఇప్పుడున్నది రొయ్యలు కాదు. నిజింగానే ఏటో ఉంది. ఏడాది అయిపోనాది. అదేటో తెలీక ఫిట్టరు కొంప ముంచీసినాను," అన్నాను.

"ఎక్కడుంది?"

చేయి పెట్టి చూపించాను.

"ఇప్పుడుందా?"

"ఉంది."

"సరే. దానికి పేరెట్టీకు. నువ్వు ఏదైనా కనబడితే ముందు పేరెట్టీసి కత అల్లీస్తావు. పెట్టి మీద రాసినది సదివి సిలింగు కడితే ఏటవుతాది? బోల్తా కొడతాది. తూకం సూద్దాం. ఒక మాట కట్టు, జానెడు లేపు. వాల్తే దించీ."

నాకు నవ్వొచ్చింది. మావ నవ్వలేదు. అన్నం గిన్నె పక్కన పెట్టి, ఓడ అంచున నిలబడ్డప్పటిలాగే నన్ను కన్నార్పకుండా చూస్తున్నాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

"బయం," అన్నాను. ఆ మాటని లోపలున్న ఆ గోనెకి తగిలించి ఆగాను. ఏమీ కాలేదు. "లెగలేదు మావా."

"ఆరియా. ఇంకోటి."

"ముసిలోణ్ణి అయిపోతన్నాను, సేతులు పని సెయ్యట్లేదు."

"లెగిసిందా?"

"లేదు. అది నాను ఇప్పుడు అల్లినాను."

"తెలుస్తంది. ఆరియా."

"సిగ్గు." ఈసారి లోపల ఏదో కదిలింది. కొద్దిగా. "లెగిసింది మావా. గాని ఒక పక్కకి వాల్తంది."

"అంటే కొంత బరువు అక్కడుంది. ఒగ్గీకు, పట్టుకో. సిలింగు జరుపు. ఎవులి కాడ సిగ్గు?"

"ఫిట్టరు కాడ."

"తిన్నగుందా?"

"లేదు. ఫిట్టరు సంగతి ఇప్పటిది కదా. ఇది ఏడాదిగా ఉంది."

"ఎప్పుడొత్తాది?"

"క్రేను ఎక్కినప్పుడు."

"ఎక్కతన్నప్పుడా, ఎక్కినాకా?"

ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. నేనూ అడుక్కోలేదు. నిచ్చెన మీద ఉన్నట్టు ఊహించుకున్నాను. లేదు, అక్కడ లేదు. సీట్లో కూర్చున్నాను. అక్కడా లేదు. ఆ తర్వాత ఏమవుతుంది?

"ఆళ్ళు అడిగినప్పుడు," అన్నాను నెమ్మదిగా. "'బావా, కడుపేటంతంది' అని ఆళ్ళు అడుగుతారు. నాను బాగుందంతాను. అప్పుడు ఆళ్ళు తలొంచుకుని కొక్కెం కిందకి ఎలిపోతారు. ఇదివరకు ఆగి తాడు సూసీవోరు. ఒక్కొక్కడూ ఒకసారి మెడెత్తి సూసీవోడు. ఇప్పుడు..."

కళ్ళు తెరిచి క్రేను వైపు చూశాను.

"ఇప్పుడు?"

"ఇప్పుడు ఎవులూ పైకి సూడరు మావా."

అది అన్నాక ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తాను. గోనె విడిపోయింది. పోలేదు, విడిపోయింది. ఊపిరి అంతకు ముందెప్పుడూ వెళ్ళని చోటుదాకా దిగింది. భుజాలు కిందికి జారాయి. కళ్ళలోంచి నీళ్ళు వచ్చాయి. దాంతోపాటు నా కడుపు, ఆరేళ్ళ ప్రఖ్యాతి గల కడుపు, పక్కనున్న కుక్క లేచి చూసేంత గట్టిగా ఒక చప్పుడు చేసింది. మావ బొటనవేలు లేని చేయి మెల్లగా పైకి లేచింది.

అప్పుడు మిగతాదంతా దానంతటదే వచ్చింది. వాళ్ళు పైకి చూడ్డం మానేసింది నన్ను నమ్మి. నేను వాళ్ళ తరఫున చూస్తున్నానా అంటే, లేదు. నేను కడుపు మీద చేయి వేసుకుని మ్యాట్నీ ఆలోచిస్తున్నాను. అంటే ఆ క్రేను తాడు చూసే మనిషి ఈ ప్రపంచంలో ఒక్కడే మిగిలాడు. అతన్నే నేను ఇంటికి పంపించాను. అబద్ధాలు చెప్పి నవ్వించేవాణ్ణని నన్ను నేను అనుకునేవాణ్ణి. కాదు. నేను అబద్ధాలు చెప్పేది నవ్వించడానికి కాదు, ఎవరూ నన్ను దేనికీ నమ్మకుండా ఉండటానికి. నమ్మితే బరువు. ఆ ఒక్కసారి పొరపాటున నమ్మేశారు, ఆ బరువే ఏడాదిగా లోపల కూర్చుంది. ఇది నాకు నలభై ఏళ్ళు దాటాక, కలప దుంగల పక్కన తెలిసింది.

"ఇప్పుడేటి సెయ్యమంతావు?" అన్నాను.

"నన్నడుగుతావేటి? లెగిసింది కదా, ఎక్కడ దించాలో నీకు కనబడతాది," అని మావ గిన్నె కడుక్కోడానికి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నమే మేనేజరు గదికి వెళ్ళాను. ఆయన కృష్ణా జిల్లా మనిషి, పద్ధతి గలవాడు. మొత్తం చెప్పాను. ఆయన నమ్మలేదు.

"మీకు వినయం ఎక్కువండీ. తోటివాణ్ణి కాపాడాలని చూస్తున్నారు, నాకు అర్థమైంది."

"వినయం కాదండి. రొయ్యలండి."

"రొయ్యలేంటండీ?"

మళ్ళీ చెప్పాను. టైపిస్టుని పిలిచారు. లిఖితపూర్వకంగా ఉండాలట. అతను మిషను ముందు కూర్చుని, చాలా గౌరవంగా, "ఎన్నిసార్లండీ?" అని అడిగాడు. "ఆ ఒక్కపూటా మూడుసార్లు" అన్నాను. అది కూడా టైపు చేశాడు. కింద సంతకం పెట్టాను. నా జీవితంలో నేను సంతకం పెట్టిన మొదటి నిజం అదే, విషయం ఏదైనా కానివ్వండి.

ఫిట్టరుని మర్నాడు పనిలోకి పిలిచారు. నన్ను మూడు నెలలు క్రేను మీంచి దింపేశారు. ఓడ అడుగున, కొక్కెం కింద, గ్యాంగులో వేశారు. ఆ ఎనమండుగురు చాలా రోజులు నాతో మాట్లాడలేదు. సిలింగు అందివ్వమని కూడా మొహం చూపించకుండా చెయ్యి చాపేవారు. ఒకడు మాత్రం మొదటి రోజే అన్నాడు, "ఆరేళ్ళు నీ కడుపుని నమ్ముకుని నా పిల్లల్ని పెంచుకున్నాన్రా. థూ!" వాడు రేవులో నాకు అందరికన్నా దగ్గరి స్నేహితుడు. నాకు కథ అల్లాలనిపించలేదు.

కానీ పైకి చూడటం మళ్ళీ మొదలుపెట్టారు. ఎనమండుగురూ, నాతో తొమ్మిది మంది, కొక్కెం కిందికి వెళ్ళేముందు ఒక్కొక్కరూ ఆగి మెడెత్తి తాడు చూసేవాళ్ళం. కిందనుంచి చూస్తే అది ఎంత సన్నగా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలియదు.

కుర్రాళ్ళూ, మావ నేర్పినదాన్ని తర్వాత చాలాసార్లు వాడుకున్నాను. ఇది మంత్రం కాదు. పదిసార్లలో ఆరుసార్లు అది గ్యాసే. మిగతా నాలుగుసార్లు మాత్రం, ఒంట్లో ఏదో ఉందని తెలిసి ఏమిటో తెలియనప్పుడు, తొందరపడి పేరు పెట్టకండి. డాక్టరు పెట్టిన పేరైనా, మా ఆవిడ పెట్టిన పేరైనా, మీరే పెట్టిన పేరైనా జానెడు లేపి చూడండి. వాలుతోంటే దించండి. తెలివిగా ఉన్న మాట కాదు, తిన్నగా వేలాడే మాట కావాలి. అది దొరికితే మీకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంక ఒట్టు సంగతి. ఇందులో ఒక చోట కల్పించాను. ఎక్కడో మీరు ఊహించలేరు. టైపిస్టు ఎన్నిసార్లండీ అని అడిగింది నిజం. కుక్క లేచి చూసింది నిజం. మావ మాటలు ఒక్కటి కూడా మార్చలేదు.

ఫిట్టరు మా ఇంటికి ఒకసారి వచ్చాడని రాశాను, నేను మర్నాడే మావ దగ్గరికి వెళ్ళానని రాశాను. అది అబద్ధం. నాలుగు సాయంత్రాలు వచ్చాడు. మొదటి రోజు అడిగినప్పుడు "బ్రేకు సూసుకో" అన్నాను. సస్పెండైన మనిషిని లోపలికి రానివ్వరు కాబట్టి, తోటి ఫిట్టర్ని బతిమాలి బ్రేకు విప్పించుకుని, రెండో రోజు వచ్చి, అక్కడ ఏమీ లేదు, మీ కడుపుని ఇంకోపాలి అడగండి బావా అన్నాడు. "గేరుబాక్సు" అన్నాను. మూడో రోజు వచ్చాడు. "పై చక్రం" అన్నాను, కళ్ళు మూసుకుని, కడుపు మీద చేయి కూడా వేసుకుని. చేతులు జోడించి వెళ్ళాడు. నాలుగో రోజు వచ్చి ఏమీ అడగలేదు. తప్పు తనదే అయ్యుంటుందని, విచారణలో ఒప్పేసుకుంటానని, నన్ను ఇబ్బంది పెట్టినందుకు ఏమీ అనుకోవద్దని చెప్పడానికి వచ్చాడు.

నేను మావని వెతుక్కుంటూ వెళ్ళింది ఆ మర్నాడు.